కళ్లజోడు తీసేద్దామనుకుంటే: మీ కంటికి ఏ లేజర్ సరిపోతుందో తేల్చుకునే పద్ధతి

హైదరాబాద్‌లో కళ్లజోడు పెట్టుకుని తిరిగేవాళ్లను లేజర్ ప్రకటనలు వదలవు. మెట్రో స్తంభాల మీద ఒకటి, ఆదివారం పేపరు విప్పితే ఒళ్లో జారిపడేది ఇంకొకటి. పది సెకన్లలో అయిపోతుందని ఒకరు, బ్లేడు ముట్టుకోమని మరొకరు. అలాంటి కరపత్రం ఒకటి జేబులో పెట్టుకునే నేనూ మొదటిసారి వెళ్లాను. స్మైల్ అనే కొత్త తరహా లేజర్ చేయించుకుందామని వెళ్లినవాణ్ని, చివరికి పీఆర్‌కే అనేది చేయించుకున్నాను. అంటే ఈ లేజర్ల కుటుంబంలో అన్నింటికన్నా పాతది, అన్నింటికన్నా నొప్పి ఎక్కువది. ఏడేళ్లయింది, ఆ నిర్ణయం సరైనదే. అది నాది కాదు, నా కార్నియాది, అంటే కంటి ముందుండే పారదర్శక పొరది. అందుకే ఏ యంత్రం మంచిదన్న ప్రశ్నను ఇక్కడ చాలా వెనక్కి నెట్టాను. ముందు తేలాల్సినవి వేరే ఉన్నాయి.

మొదట మీ చీటీ మీరు చదవండి

కళ్లజోడు దుకాణంలో ఇచ్చిన చీటీ తీసి ముందు పెట్టుకోండి. ఒక్కో కంటికి మూడు అంకెలు ఉంటాయి. మొదటిది స్ఫియర్, అంటే మామూలు మైనస్ పవర్. రెండోది సిలిండర్, అదే ఆస్టిగ్మాటిజం. మూడోది యాక్సిస్, ఆ సిలిండర్ ఏ కోణంలో కూర్చుందో చెప్పే అంకె, 1 నుంచి 180 వరకు.

మైనస్ పవర్ ఉన్న కంట్లో, దూరపు వస్తువు బొమ్మ కంటి వెనుక తెర లాంటి రెటీనాకు ముందే ఏర్పడుతుంది. కనుగుడ్డు కాస్త పొడవు కావడమో, కార్నియా వంపు ఎక్కువ కావడమో కారణం. ఆస్టిగ్మాటిజం సంగతి తెలియాలంటే ఒక చెంచా బొర్లించి చూడండి. పొడవునా వంపు తక్కువ, అడ్డంగా ఎక్కువ. కార్నియా అలా ఉంటే వెలుగు ఒకే బిందువు దగ్గర కలవదు. రాత్రి వీధి దీపం గీతలా సాగుతుంది. దూరం నుంచి వచ్చే ఆర్టీసీ బస్సు బోర్డు మీద 3 ఏదో 8 ఏదో తెలియదు. కోఠిలో నిలబడి మెహిదీపట్నం బస్సు అనుకుని మరో బస్సెక్కిన అనుభవం నాకు ఒకటికి రెండుసార్లు ఉంది.

ఒక చిన్న మెలిక. ఒకచోట మీకు మైనస్ 3.00, సిలిండర్ మైనస్ 1.50, యాక్సిస్ 180 అని రాసిస్తారు. మరోచోట మైనస్ 4.50, సిలిండర్ ప్లస్ 1.50, యాక్సిస్ 90 అని రాస్తారు. పవర్ పెరిగిందని కంగారుపడకండి. రెండూ ఒకటే, రాసే పద్ధతి వేరు. స్ఫియర్‌కు సిలిండర్‌ను కలిపి, సిలిండర్ గుర్తు మార్చి, యాక్సిస్‌ను 90 డిగ్రీలు తిప్పితే ఒకటి రెండోది అవుతుంది. పాత చీటీలను కొత్తవాటితో పోల్చేముందు అన్నింటినీ ఒకే పద్ధతిలోకి మార్చుకోండి. ఎందుకంటే తర్వాతి పని పోల్చడమే.

కనీసం ఒక ఏడాది తేడాతో ఉన్న రెండు చీటీలు కావాలి. మార్పు అర డయాప్టర్‌కు, అంటే చీటీ మీద 0.50కి, మించకూడదు. మించితే ఆగాలి. పద్దెనిమిదేళ్లు నిండడం కనీస నియమం మాత్రమే. ఇరవై రెండు, ఇరవై మూడు దాకా పవర్ పెరుగుతూ వచ్చే పిల్లలు చాలామంది ఉన్నారు. పెరుగుతున్న పవర్ మీద లేజర్ చేయిస్తే, పెరిగే పిల్లాడికి ఒంటికి అతికే బట్టలు కుట్టించినట్టే.

ముఖ్యంగా సిలిండర్ మీద కన్నేసి ఉంచండి. మైనస్ నెమ్మదిగా పెరగడం మామూలు విషయం. సిలిండర్ గబగబా పెరుగుతుంటే, యాక్సిస్ చీటీకొక తీరుగా ఉంటే, అద్దాలు మార్చినా చూపు పదునెక్కకపోతే, కార్నియా పలచబడి శంఖంలా ముందుకు పొడుచుకొస్తోందేమోనని అనుమానించాలి. దాని పేరు కెరటోకోనస్. కళ్లు గట్టిగా నలుపుకునే అలవాటు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. ఆ కంటికి పవర్ తీసే లేజర్ మామూలుగా చేయరు. చేస్తే ఉన్న బలం కూడా పోతుంది. దానికి మొదటి చికిత్స కార్నియాను గట్టిపరిచే సీత్రీఆర్. మా పిన్ని కొడుకు లేజర్ కోసమని వెళ్లి ఈ మాట విని వచ్చాడు. నెల రోజులు ఏడ్చినంత పని చేశాడు గానీ, ఆ రోజు ఆ పరీక్ష చేయకుండా లేజర్ కొట్టి పంపి ఉంటే అసలు ఏడుపు అప్పుడు మొదలయ్యేది.

ఎవరు ఇప్పుడే వెళ్లకూడదు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. ఆ సమయంలో పవర్, కంటి తడి రెండూ మారతాయి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు ఆ మాట తప్పక చెప్పాలి, అవి కళ్లను ఎండబెడతాయి. షుగర్ అదుపులో లేనివాళ్లు, కీళ్లవాతం లాంటి, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బులున్నవాళ్లు, కంటికి ఎప్పుడైనా హెర్పిస్ వైరస్ సోకినవాళ్లు కూడా దాచకుండా చెప్పాలి.

ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నవాళ్లకు ఒక హెచ్చరిక. అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉన్న పిల్లలు చాలామంది లేజర్ చేయించుకుంటే వైద్య పరీక్ష గట్టెక్కుతామనుకుంటారు. కొన్ని కొలువులకు అది నిజం. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ లాంటి కొలువులకు సరిగ్గా తలకిందులు. లేసిక్ చేయించుకోవడమే అనర్హత అవుతుంది. సైన్యం, వైమానిక దళం ఒక్కో విభాగానికి ఒక్కో నిబంధన పెడతాయి. నోటిఫికేషన్‌లో వైద్య ప్రమాణాల పేజీ చదవకుండా బల్ల మీద పడుకోకండి.

నలభై దగ్గరపడుతున్నవాళ్లకు చత్వారం సంగతి ఎవరూ విడమరిచి చెప్పరు. మైనస్ పవర్ ఉన్నవాళ్లకు ఒక వరం ఉంది. నలభై ఐదేళ్లప్పుడు కూడా కళ్లజోడు తీసేసి పేపరు దగ్గరగా పెట్టుకుని చదివేస్తారు. లేజర్‌తో ఆ వరం పోతుంది. దూరం చూపు స్పష్టమవుతుంది, మరికొన్నేళ్లకే చదవడానికి అద్దాలు వస్తాయి. ఒక కంటిని దూరానికి, ఒక కంటిని దగ్గరకు వదిలే పద్ధతి ఉంది గానీ, ముందు కాంటాక్ట్ లెన్సులతో కొన్నాళ్లు ఆ తీరు చూపు పరీక్షించి చూసుకోకుండా ఒప్పుకోవద్దు.

పరీక్షల రోజు

కాంటాక్ట్ లెన్సులు కార్నియా ఆకారాన్ని నొక్కి మారుస్తాయి. మెత్తటివి వాడేవాళ్లు కనీసం ఒకటి రెండు వారాలు, గట్టివి వాడేవాళ్లు మూడు నాలుగు వారాలు తీసేసి ఉండాలి. నిన్న రాత్రే తీశానని చెప్పినా ఫరవాలేదు కూర్చోండి అనే చోట కూర్చోకండి.

స్కూటర్ ఇంట్లో పెట్టి వెళ్లండి. నేను పెట్టలేదు. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేశాక, మధ్యాహ్నం రెండింటికి బయటకు వచ్చి చూస్తే మే నెల ఎండ మొత్తం నా కళ్లలోకే దిగింది. ఫోను తెర మీద ఒక్క అక్షరం కనిపించలేదు. ఆటో పిలవడానికి కూడా పక్కనున్న వాచ్‌మన్ సాయం కావలసి వచ్చింది. బండి మర్నాడు తెచ్చుకున్నాను.

చేయాల్సిన పరీక్షలు ఇవి: చుక్కలు వేయకముందూ వేశాకా పవర్ పరీక్ష, పెంటాకామ్ లాంటి యంత్రంతో కార్నియా ముందు వైపు, వెనుక వైపు, మందం పటం, చీకట్లో కనుపాప ఎంత పెద్దదవుతుందో కొలత, కంటి ఒత్తిడి, కంటి తడి, చివరగా రెటీనా.

తడి పరీక్షను షిర్మర్ పరీక్ష అంటారు. కింది రెప్ప అంచున సన్నటి కాగితం పట్టీ తగిలించి అయిదు నిమిషాలు వదిలేస్తారు. లిట్మస్ కాగితం లాంటిదే, మిల్లీమీటర్ల గీతలతో. రెండు కళ్ల నుంచి రెండు పట్టీలు వేలాడుతుంటే ఎదురుగా కూర్చున్న చిన్నపిల్ల నన్ను చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. తడి 10 మిల్లీమీటర్లు దాటకపోతే కళ్లు పొడిబారుతున్నట్టు లెక్క. గచ్చిబౌలిలో ఏసీ కింద రోజుకు పది గంటలు తెర చూసేవాళ్లలో ఈ అంకె చిన్నదిగా రావడం ఆశ్చర్యం కాదు. పొడి కళ్లకు ముందు చికిత్స, ఆ తర్వాతే లేజర్.

రెటీనా పరీక్షను దాటవేయనివ్వకండి. మైనస్ పవర్ కళ్లలో రెటీనా అంచులు సాగి పలచబడి ఉంటాయి. పలచని చోట రంధ్రం ఉంటే చుట్టూ లేజర్‌తో ముందుగా గట్టు కట్టినట్టు అతికిస్తారు. లేజర్‌తో కళ్లజోడు పోయినా ఆ పొడవు గుడ్డు, దాని రెటీనా ప్రమాదం అలాగే ఉంటాయి. కాబట్టి లేజర్ అయ్యాక కూడా ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి.

పరీక్షలన్నీ అయ్యాక పటాల నకళ్లు అడిగి తీసుకోండి. డబ్బు మీది, కన్ను మీది, కాగితమూ మీదే.

కాగితం మీద కూడిక, తీసివేత

ఇప్పుడు అసలు పని. కాలిక్యులేటర్ కూడా అక్కరలేదు.

సగటు కార్నియా నడిమధ్య మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. లేజర్ చేసేదల్లా అందులోంచి కొంత మందం తీసి వంపు తగ్గించడమే. ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పు మేర సరిచేయాలంటే ఒక్కో డయాప్టర్‌కు సుమారు 14 మైక్రాన్లు పోతాయి. యంత్రాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ. పవర్ లెక్కించేటప్పుడు సిలిండర్‌ను కూడా కలపాలి.

నా కుడి కన్నే తీసుకోండి. మైనస్ 4.00, సిలిండర్ మైనస్ 1.75. మొత్తం 5.75. దాన్ని 14తో గుణిస్తే సుమారు 80 మైక్రాన్లు. నా కార్నియా మందం 488.

మూడు పద్ధతులూ ఎలా చేస్తారో తర్వాతి భాగంలో చెబుతాను, ఇక్కడ లెక్క మాత్రం. లేసిక్ అయితే ముందు 110 మైక్రాన్ల మందాన పైపొర రేకులా లేస్తుంది. ఆ రేకు తిరిగి మూసుకున్నా, కార్నియాకు బలాన్నివ్వదు. 110కి 80 కలిపితే 190. మిగిలేది 298. అడుగున కనీసం 250 ఉండాలన్నది పాత నియమం, ఇప్పుడు చాలామంది వైద్యులు 280, 300 కావాలంటారు. ఇంకో లెక్క కూడా ఉంది: కదిపిన మందం మొత్తంలో 40 శాతానికి చేరకూడదు. నాది 39. స్మైల్ అయితే పైన 120 మైక్రాన్ల మూత, కింద తీసే ముక్క 80కి ఇంకో పది పదిహేను కలిపి, మిగిలేది 270 చిల్లర. పీఆర్‌కే అయితే పైన తీసే పలుచని పొర సుమారు 50, అది తిరిగి పెరుగుతుంది. దాని కింద 80. మిగిలేది 350 పైన.

మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూపించి డాక్టరు గారు పెన్ను కింద పెట్టేశారు. ఇంకేమీ మాట్లాడనక్కరలేకపోయింది.

మీ అంకెలతో ఇదే కూడిక వేసుకుని వెళ్లండి. కార్నియా 550, మొత్తం పవర్ 4 అయితే మూడు దారులూ తెరిచే ఉంటాయి. కార్నియా 500, మొత్తం పవర్ 10 అయితే 140 మైక్రాన్లు పోవాలి, లేసిక్ రేకుతో కలిపి సగం కార్నియా కదిలినట్టే. అలాంటివాళ్లకు లేజర్ కన్నా ఐసీఎల్ మేలు. కార్నియాను కోసి పలచన చేయకుండా, కంటిలోపల సహజ కటకానికి ముందు, రంగుపొర వెనుక, పలుచని లెన్సు ఒకటి అమరుస్తారు. అవసరమైతే తీసేయవచ్చు. సిలిండర్ సరిచేసేవి కూడా ఉన్నాయి. అయితే కంటిలోపల దానికి చోటు ఉందో లేదో వేరే కొలతలు తీయాలి, పైగా ఖర్చు ఎక్కువ.

మూడు పద్ధతులు, దగ్గర నుంచి

పీఆర్‌కే తాతగారు. దీని వెనుక మన పక్క ఊరి మనిషి ఉన్నాడు. మద్రాసులో పుట్టి అమెరికాలో ఐబీఎమ్‌లో పనిచేసిన రంగస్వామి శ్రీనివాసన్, 1981 నవంబరులో పండగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కను ప్రయోగశాలకు తెచ్చి దాని మీద ఎక్సైమర్ లేజర్ పెట్టి చూశాడు. 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం చుట్టుపక్కల కాల్చకుండా, పొర పొరగా ఎత్తేసింది. కంటి మీద వాడవచ్చని వైద్యులకు తట్టింది ఆ తర్వాతే. ఈ రోజు పీఆర్‌కేలోనూ లేసిక్‌లోనూ పవర్ తీసేది ఆ కిరణమే.

పీఆర్‌కేలో కార్నియా పై చర్మాన్ని ఆల్కహాలు ద్రావణంతో వదులు చేసి తుడిచేస్తారు, లేదా లేజర్‌తోనే తీసేస్తారు. తర్వాత పవర్ మేర లేజర్. పైన కట్టు లాగా ఒక మెత్తటి లెన్సు. మూడు నుంచి అయిదు రోజుల్లో చర్మం తిరిగి మూసుకుంటుంది. ఆ రోజులు ఎలా ఉంటాయంటే, ఉల్లిపాయలు తరిగిన కత్తితో కళ్లు తుడుచుకున్నట్టు. రెండో రోజు సాయంత్రం నేను పరదాల మీద దుప్పటి కూడా కప్పించి, నీళ్లు కారుతుంటే గోడవైపు తిరిగి పడుకున్నాను. అమ్మ రేడియో పెట్టి వెళ్లింది. నాలుగో రోజు పొద్దున కిటికీ అవతల వేపచెట్టు ఆకులు విడివిడిగా కనిపించాయి. పూర్తి పదును రావడానికి రెండు నెలలు పట్టింది. ఎక్కువ పవర్ ఉన్నవాళ్లకు కార్నియా మీద మసక రాకుండా మైటోమైసిన్ అనే మందు కొద్ది సెకన్లు అద్దుతారు. కొన్ని నెలల పాటు ఎండలో నల్లద్దాలు తప్పనిసరి, అది కూడా ఆ మసక రాకుండా ఉండడానికే. కార్నియా పలచనివాళ్లకు, కబడ్డీ, కుస్తీ, బాక్సింగ్ లాంటివి ఆడేవాళ్లకు ఇదే మంచిది. రేకే లేనప్పుడు అది కదలడమన్న మాటే ఉండదు.

లేసిక్‌లో పైపొరను పుస్తకం అట్టలా ఒకవైపు అతుకు ఉంచి ఎత్తుతారు. వెనకటికి సన్నటి బ్లేడుతో కోసేవారు, ఇప్పుడు చాలాచోట్ల ఫెమ్టోసెకండ్ లేజర్‌తో. ఎత్తిన చోట ఎక్సైమర్ లేజర్ పని చేసుకుపోతుంది, మళ్లీ అట్ట మూసేస్తారు. కుట్లు ఉండవు. నొప్పి కొన్ని గంటలే. మర్నాడు పొద్దునకే చూపు వచ్చేస్తుంది. మా చెల్లెలు పెళ్లికి మూడు నెలల ముందు చేయించుకుంది, మర్నాడు గోడ గడియారం చూసి టైము చెప్పి అరిచింది. దానికి చెల్లించే మూల్యం రెండు. గట్టి దెబ్బ తగిలితే ఎన్నేళ్లకైనా రేకు కదిలే అవకాశం ఉంటుంది. అట్ట చుట్టూ కార్నియా నరాలు తెగుతాయి కాబట్టి కళ్లు పొడిబారడం ఎక్కువ. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో తగ్గుతుంది.

కాంటూరా అని విడిగా ధర చెప్పేది కూడా లేసిక్ జాతే. కార్నియా ఎగుడుదిగుళ్ల పటాన్ని ముందు తీసి, ఆ పటం ప్రకారం లేజర్ నడిపిస్తారు. ప్రకటనల్లో కనిపించే 22,000 బిందువుల లెక్క ఆ పటానిదే. కార్నియా వంపు కొంచెం వంకరగా ఉన్నవాళ్లకు, సిలిండర్ ఎక్కువగా ఉన్నవాళ్లకు తేడా కనిపిస్తుంది. పటం నున్నగా ఉన్న కంటికి అంత తేడా ఆశించనక్కరలేదని నా అభిప్రాయం.

స్మైల్‌లో ఎక్సైమర్ అసలు ఉండదు, రేకూ ఉండదు. ఫెమ్టోసెకండ్ లేజర్ కార్నియా లోపలే పలుచని కటకం లాంటి ముక్కను చెక్కుతుంది. అంచున రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల కోత, దానిలోంచి డాక్టరు ఆ ముక్కను చేతితో విడదీసి లాగేస్తారు. మామిడి పండుకు చిన్న గాటు పెట్టి టెంక లాగేసినట్టు. లేసిక్ కోత 20 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి ఇందులో నరాలు తక్కువ తెగుతాయి, పొడిబారడం తక్కువ. చూపు లేసిక్ కన్నా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పదునెక్కుతుంది. జర్మనీలో పుట్టిన ఈ పద్ధతికి అమెరికా అనుమతి 2016లో మైనస్ పవర్‌కు, 2018లో ఆస్టిగ్మాటిజానికి వచ్చింది. స్మైల్ ప్రో అంటే అదే పని, యంత్రం కొత్తది, పాత దాంట్లో అర నిమిషం లోపు పట్టే లేజర్ పది సెకన్లలోపే ముగుస్తుంది. ఆ సమయంలో యంత్రం కంటిని పీల్చి పట్టుకుని ఉంటుంది కాబట్టి, మీరు కదిలి పట్టు తప్పితే చిక్కు. తక్కువ సెకన్లు అందుకే మంచివి. సిల్క్, స్మార్ట్‌సైట్ అన్నవి ఇతర కంపెనీల యంత్రాలతో చేసే ఇదే జాతి చికిత్సలు.

ముక్కను లాగేది మాత్రం మనిషి చెయ్యి. స్మైల్ ఎంచుకునేవాళ్లు యంత్రం కొత్తదా అని కాక, ఆ డాక్టరు ఇప్పటికి ఎన్ని చేశారని అడగాలి.

సిలిండర్ ఉన్నవాళ్లు ఇక్కడ కాసేపు ఆగండి

కూర్చున్నప్పుడు ఒకలా ఉన్న కన్ను, వెల్లకిలా పడుకోగానే కొన్ని డిగ్రీలు తిరుగుతుంది. మీకు తెలియదు, అందరికీ తిరుగుతుంది. మామూలు మైనస్ పవర్‌కు దీనితో పేచీ లేదు, గుండ్రం ఎటు తిప్పినా గుండ్రమే. సిలిండర్‌కు కోణం ఉంది. ఒక్క డిగ్రీ తప్పితే సరిచేసిన దాంట్లో సుమారు 3 శాతం వృథా, 10 డిగ్రీలు తప్పితే మూడో వంతు, 30 తప్పితే చేసి చేయనట్టే.

ఎక్సైమర్ యంత్రాల్లో చాలావాటికి కంటి రంగుపొర గీతలను గుర్తుపట్టి, కన్ను తిరిగిన మేరకు తామూ తిరిగే ఏర్పాటు ఉంటుంది. మొదటి తరం స్మైల్ యంత్రంలో ఆ ఏర్పాటు సొంతంగా లేదు. డాక్టరు ముందే మిమ్మల్ని కూర్చోబెట్టి తెల్లగుడ్డు అంచున సిరాతో గుర్తులు పెట్టి, పడుకున్నాక ఆ గుర్తుల ప్రకారం తిప్పి సరిచూసుకోవాలి. కొత్త యంత్రాల్లో ఇది మెరుగుపడింది. కాబట్టి మీ సిలిండర్ 1.50 దాటితే ఒకటే ప్రశ్న వేయండి: "పడుకున్నప్పుడు నా కన్ను తిరిగితే మీరు ఎలా సరిచేస్తారు?" ఈ ప్రశ్నకు వచ్చే జవాబుతో మీరు వచ్చిన చోటు ఎలాంటిదో సగం తెలిసిపోతుంది.

సిలిండర్ 3 దాటితే నేనైతే లేసిక్ వైపో, కార్నియా అనుమతించకపోతే సిలిండర్ ఉన్న ఐసీఎల్ వైపో మొగ్గుతాను.

డబ్బు, రెండో అభిప్రాయం

ధరలు యంత్రం పేరును బట్టి ఎక్కుతుంటాయి. పీఆర్‌కే, బ్లేడు లేసిక్ కింద, ఫెమ్టో లేసిక్, కాంటూరా మధ్యలో, స్మైల్ జాతి పైన, ఐసీఎల్ ఇంకా పైన. చెప్పిన ధరలో ముందు పరీక్షలు, మందులు, ఏడాది పాటు తిరిగి చూపించుకోవడం, పవర్ కొంచెం మిగిలితే మళ్లీ చేయడం, ఇవన్నీ ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. మళ్లీ చేయాల్సి వస్తే లేసిక్‌లో రేకు ఎత్తి చేస్తారు, స్మైల్ తర్వాత ఎక్కువగా పీఆర్‌కేయే చేస్తారు. అందుకే మొదటిసారే కార్నియా కొంత మిగిలి ఉండాలి.

ఆరోగ్య బీమా ఉందని ధీమా పడకండి. పవర్ 7.5 డయాప్టర్లకు తక్కువైతే ఇవ్వనక్కరలేదన్నది పాలసీల్లో ప్రామాణిక మినహాయింపు.

నేను మొదట వెళ్లిన చోట కళ్లలో చుక్కలు వేయకముందే ఒక కౌన్సెలర్ అమ్మాయి నవ్వుతూ ధరల పట్టిక ముందు పెట్టి, ఈ నెలాఖరు లోపు అయితే తగ్గింపు ఉందంది. కార్నియా మందం ఎంతో అప్పటికి ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. లేచి వచ్చేశాను. తగ్గింపుకు గడువు పెట్టే చోటు నుంచి మీరూ లేచి రండి. ఈ ఊళ్లో రెండో అభిప్రాయానికి కొదవ లేదు. మెహిదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లో, కార్నియా వైద్యుడే అయిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో నెలకొల్పిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. మీ పటాలు పట్టుకుని ఇంకో కార్నియా నిపుణుడి దగ్గరకు వెళ్లి, ఇవే అంకెలు చూపించి అడగండి. ఇద్దరూ ఒకే పద్ధతి పేరు చెబితే తేలినట్టే. వేరువేరు చెబితే ఎందుకో ఇద్దరినీ అడగండి.

ఆ రోజు, ఆ తర్వాత

సెంటు, కాటుక, పౌడరు లేకుండా తలస్నానం చేసి వెళ్లండి. సెంటు ఆవిరి కూడా లేజర్‌ను ఇబ్బంది పెడుతుంది. తిమ్మిరి చుక్కలు వేస్తారు, సూది లేదు, మత్తు లేదు. పచ్చ దీపమో ఎర్ర దీపమో చూస్తూ ఉండమంటారు. పీల్చి పట్టుకున్నప్పుడు చూపు మసకబారుతుంది, భయపడనక్కరలేదు. ఎక్సైమర్ మొదలయ్యాక టకటక చప్పుడు, వెంట్రుక కాలిన వాసన. అది మీ కార్నియా వాసనే. నాకు ఆ రోజు అన్నింటికన్నా గుర్తున్నది అదే.

వారం రోజులు కంట్లో నీళ్లు పడకూడదు. తలంటు కావాలంటే మంగలి షాపులో లాగా తల వెనక్కి వాల్చి ఇంకొకరి చేత పోయించుకోండి. రాత్రి కంటి మీద ప్లాస్టిక్ డిప్ప కట్టుకుని పడుకోండి, నిద్రలో చెయ్యి కంటి మీదకు వెళ్లకుండా. ఈత నెల రోజులు వద్దు. కాటుక రెండు వారాలు వద్దు. పెళ్లి పెట్టుకున్నవాళ్లు ముందు నలుగు, మంగళస్నానాలు, పసుపు, గులాల్ అన్నీ లెక్కలోకి తీసుకుని లేసిక్, స్మైల్ అయితే నెలన్నర, పీఆర్‌కే అయితే మూడు నెలలైనా ముందు చేయించుకోండి. హోలీకి ముందు వారంలో మాత్రం వద్దు.

స్టెరాయిడ్ చుక్కలు డాక్టరు చెప్పిన రోజుకు ఆపేయాలి, తగ్గించమన్న చోట తగ్గించాలి. పీఆర్‌కేకు ఇవి నెలల తరబడి సాగుతాయి. బాగుంది కదా అని సొంతంగా పొడిగిస్తే కంటి ఒత్తిడి పెరుగుతుంది, నొప్పి లేకుండానే. అందుకే మధ్యలో ఒత్తిడి కొలిపించుకునే రోజులు దాటవేయకూడదు. కృత్రిమ కన్నీళ్ల చుక్కలు మాత్రం కావలసినన్నిసార్లు వేసుకోవచ్చు. చూపు ఒక్కసారిగా తగ్గినా, నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడినా తెల్లారేదాకా ఆగకుండా ఫోను చేయండి.

మొదటి కొన్ని వారాలు రాత్రిళ్లు దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. ఔటర్ రింగు రోడ్డు మీద ఎదురొచ్చే లారీల హెడ్‌లైట్లు పూలచక్రాల్లా విచ్చుకుంటాయి. అవి తగ్గేదాకా రాత్రి బండి నడపకండి. చాలామందికి మూడు నెలల్లో తగ్గుతాయి, పెద్ద కనుపాప ఉన్న కొద్దిమందికి కొంచెం మిగులుతాయి.

చివరి పని, అందరూ మరిచిపోయేది. ఇంకో ముప్ఫై ఏళ్లకు శుక్లాలు వస్తాయి. అప్పుడు కంట్లో పెట్టే లెన్సు పవర్ లెక్క కార్నియా వంపు మీద ఆధారపడుతుంది. లేజర్ చేసిన కార్నియా ఆ లెక్కను తప్పుదోవ పట్టిస్తుంది. లేజర్‌కు ముందరి పవర్, ముందరి వంపు కొలతలు చేతిలో ఉంటే డాక్టరు పని తేలికవుతుంది. నీటికాసుల పరీక్షలోనూ అంతే. పలచబడిన కార్నియా మీద కంటి ఒత్తిడి ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, లేజర్ చేయించుకున్నానని ఎక్కడికి వెళ్లినా మీరే చెప్పాలి. ఆసుపత్రులు అన్నేళ్లు కాగితాలు దాచవు. నావి ఇంట్లో ఇనుప బీరువాలో, ఇంటి దస్తావేజుల కింద, ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి. పైన స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో "కళ్లు" అని రాసి పెట్టాను. చత్వారం వచ్చాక కూడా అద్దాలు లేకుండా చదవగలిగేంత పెద్దగా.